ప్రైవేటు పార్కింగ్ ఛార్జీ కేసు: కౌంటీ కోర్టు కోసం ఆధారాలు ఎలా సిద్ధం చేసుకోవాలి

ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో సూపర్‌మార్కెట్ దగ్గరో, రిటైల్ పార్కులోనో, అద్దెకున్న ఫ్లాట్ కిందో కారు పెట్టిన కొన్నాళ్లకు ఇంటికి పార్కింగ్ ఛార్జ్ నోటీసు వస్తుంది. పసుపు నలుపు గీతలతో చూడ్డానికి ప్రభుత్వం వేసిన జరిమానాలాగే ఉంటుంది గానీ అది జరిమానా కాదు. "మా బోర్డు మీది షరతులకు ఒప్పుకుని లోపలికొచ్చారు, మాట తప్పారు, డబ్బు కట్టండి" అని ఒక ప్రైవేటు కంపెనీ పంపే బిల్లు. మీరు కట్టకపోతే ఆ కంపెనీయే కౌంటీ కోర్టుకు వెళ్లాలి. ఒప్పందం ఉందని, దాన్ని మీరు తప్పారని రుజువు చేయాల్సిన బరువు కూడా దానిదే.

ముందు ఒక్క విషయం సరిచూసుకోండి. కౌన్సిల్ పంపేది పెనాల్టీ ఛార్జ్ నోటీసు, ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ ఛార్జ్ నోటీసు. రెండింటినీ జనం పీసీఎన్ అనే అంటారు. కౌన్సిల్‌దైతే అది ట్రిబ్యునల్‌కు వెళ్లే వ్యవహారం, ఇక్కడ రాసింది దానికి పనికిరాదు. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టం వేరు.

ఇలాంటి కేసు కోర్టు మెట్లెక్కేసరికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. దావా వేయడానికి కంపెనీకి ఆరేళ్ల గడువుంది. ఈలోపు పాత బోర్డు తీసి కొత్తది పెడతారు, అడ్డంగా ఉన్న చెట్టు కొమ్మ కొట్టేస్తారు, సీసీటీవీ చెరిగిపోతుంది, మీరు ఫోన్ మారుస్తారు. జడ్జికి ఆ రోజు కనబడేది ఫైల్లో ఉన్న కాగితాలు, ఫొటోలు మాత్రమే. అందుకే కేసు వేస్తారో లేదో తెలియకపోయినా, నోటీసు వచ్చిన వారంలోనే ఆధారాలు పోగేయాలి.

నోటీసు, కవరు, క్యాలెండరు

నోటీసు రెండు వైపులా స్కాన్ చేయండి. అసలు సంగతులు సాధారణంగా వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. కవరు పారేయకండి. అది చేతికొచ్చిన తేదీని కవరు మీదే పెన్నుతో రాసి ఫొటో తీయండి.

ఎందుకంటే కారు నడిపిందెవరో కంపెనీకి తెలియదు. దానికి తెలిసింది డీవీఎల్‌ఏ (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన కీపర్ పేరు, చిరునామా. కీపర్ అంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో ఆ వ్యక్తి. డ్రైవరెవరో తెలియనప్పుడు కీపర్ దగ్గర వసూలు చేసే హక్కు 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం షెడ్యూల్ 4 ఇస్తుంది, అదీ అందులోని షరతులన్నీ పాటిస్తేనే. కారు అద్దం మీద ఏమీ అంటించకుండా కెమెరా చూసి పోస్టులో పంపిన నోటీసైతే, పార్కింగ్ ముగిసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు కీపర్‌కు అందాలి. పోస్టు చేశాక రెండో పనిదినానికి అందినట్టు చట్టం లెక్కగడుతుంది.

ఉదాహరణకు 2025 మార్చి 3, సోమవారం కారు పెట్టారు. 14 రోజులు మార్చి 4న మొదలై 17తో ముగుస్తాయి. నోటీసు 13వ తేదీ గురువారం పోస్టు చేసి ఉంటే 14 శుక్రవారం ఒకటి, 17 సోమవారం రెండు, గడువులోనే అందినట్టు. అదే 14 శుక్రవారం పోస్టు చేసి ఉంటే సోమవారం ఒకటి, 18 మంగళవారం రెండు, ఒక రోజు ఆలస్యం. ఆ ఒక్క రోజుతో కీపర్ మీద హక్కు పోతుంది. శని ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు గుర్తుపెట్టి ఈ లెక్కను ఒక కాగితం మీద వేసుకోండి, తర్వాత అదే మీ విట్‌నెస్ స్టేట్‌మెంట్‌లో (కోర్టుకు మీరు రాసిచ్చే సాక్ష్యంలో) ఒక పేరా అవుతుంది. అద్దం మీద నోటీసు అంటించిన కేసుల్లో లెక్క వేరు. ముందు 28 రోజులు ఆగి, ఆ తర్వాతి 28 రోజుల్లోపు కీపర్‌కు నోటీసు అందించాలి.

తేదీతో పాటు లోపలి రాతనూ చూడండి. ఏ స్థలం, ఎంతసేపు పార్క్ చేశారన్నది ఉండాలి. డ్రైవరెవరో తమకు తెలియదని, 28 రోజులు గడిస్తే కీపర్ దగ్గరే వసూలు చేసే హక్కు వస్తుందని హెచ్చరిక ఉండాలి. సొంత బైలాలు (ఆ స్థలానికి ప్రత్యేకమైన నియమాలు) అమల్లో ఉన్న రైల్వే స్టేషన్, విమానాశ్రయ స్థలాల్లో ఈ షెడ్యూల్ అసలు వర్తించదు.

ఈ కోట మొత్తాన్ని మనవాళ్లు ఒక్క వాక్యంతో కూల్చుకుంటారు. కంపెనీకి రాసే అప్పీల్లో "నేను కారు పార్క్ చేసి మందులు తేవడానికి వెళ్లాను" అని రాసేస్తారు. దాంతో డ్రైవరెవరో తేలిపోతుంది, పైన చెప్పిన తేదీల లెక్కలన్నీ వృథా. "ఈ వాహనానికి కీపర్‌ని నేను, డ్రైవర్ అలా చేశారు" అని రాయండి. ప్రైవేటు కంపెనీ అడిగినంత మాత్రాన డ్రైవర్ పేరు చెప్పి తీరాలన్న చట్టం లేదు. అయితే పేరు చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. కోర్టు కాగితం మీద సంతకం పెట్టాక అబద్ధం తేలితే అది కోర్టు ధిక్కారం. జడ్జి సూటిగా అడిగితే నిజమే చెప్పాలి.

స్థలానికి వెళ్లి ఫొటోలు తీయడం

గెలుపోటములు ఎక్కువగా తేలేది ఇక్కడే. 2015 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు, పార్కింగ్ ఐ అనే కంపెనీకి, బీవిస్ అనే డ్రైవరుకు మధ్య కేసులో 85 పౌండ్ల ఛార్జీని సమర్థించింది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఆ రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితం, కారు 56 నిమిషాలు ఎక్కువసేపు ఉంది. కంపెనీలు ప్రతి కేసులోనూ ఈ తీర్పునే చూపిస్తాయి. కానీ అక్కడ ప్రవేశంలోనూ లోపలా కలిపి ఇరవై దాకా పెద్ద బోర్డులున్నాయి, 85 పౌండ్ల సంగతి కొట్టొచ్చినట్టు రాసి ఉంది. మీ స్థలం అలా లేదని ఫొటోల్లో చూపించగలిగితే, వాళ్ల ఆయుధమే మీ చేతికొస్తుంది.

వారంలో అదే రోజు, అదే గంటకు వెళ్లండి. డిసెంబరు సాయంత్రం ఐదింటికి చీకట్లో జరిగినదానికి జూన్ సాయంత్రం ఐదింటి ఫొటో పనికిరాదు. చీకట్లో ఫొటో తీసేటప్పుడు ఫోన్‌లో నైట్ మోడ్ ఆపేయండి. అది కంటికి కనబడని బోర్డును కూడా పట్టపగల్లా చూపించి మీకే అన్యాయం చేస్తుంది.

మొదట వీడియో. రోడ్డు మీంచి మలుపు తిరిగి లోపలికొచ్చి కారు ఆపేదాకా ఆగకుండా తీయాలి. పక్క సీట్లో ఉన్నవాళ్లు, డ్రైవర్ కంటి ఎత్తులో పట్టుకుని తీయాలి. నడుపుతూ మీరే ఫోన్ పట్టుకుంటే 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు పడతాయి. ఆ వీడియోలోంచి ప్రవేశం బోర్డు ఎన్ని సెకన్లు కనబడిందో, ఆ వేగంలో ఎన్ని మాటలు చదవగలరో చెప్పవచ్చు. దాన్ని ఆపి ఆపి నాలుగైదు స్టిల్స్ తీసుకోండి, కాగితం మీద జడ్జి చూసేది అవే.

తర్వాత మీ కారు నిలబడిన గడిలో నిలబడి నాలుగు దిక్కులా నాలుగు ఫొటోలు. అక్కడినుంచి దగ్గరి బోర్డు దాకా టేపుతో కొలవండి, టేపు లేకపోతే అడుగులు లెక్కపెట్టి రాసుకోండి. అదే గడిలోంచి బోర్డు ఎలా కనబడుతుందో జూమ్ చేయకుండా ఒకటి తీయాలి. చివరికి బోర్డు దగ్గరికెళ్లి అక్షరాల పక్కన స్కేలు పెట్టి తీయండి. స్కేలు లేకపోతే ఒక పౌండు నాణెం పెట్టండి, దాని వెడల్పు 23 మిల్లీమీటర్లు. "స్వాగతం, ఉచిత పార్కింగ్" అన్నది అరచేయంత, "100 పౌండ్లు" అన్నది గోరంత ఉంటే ఆ ఒక్క ఫొటో పది పేరాల వాదనకు సమానం. బోర్డు నేలనుంచి ఎంత ఎత్తులో ఉంది, దాని మీద దీపం వెలుగుతోందా, కొమ్మ గానీ లారీ గానీ అడ్డం వస్తోందా, రెండు బోర్డులు ఒకదానికొకటి పొసగని మాటలు చెబుతున్నాయా అన్నవి కూడా తీయండి. అర్థం రెండు రకాలుగా వచ్చే షరతును వినియోగదారుడి వైపే చదవాలని 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం 69వ సెక్షన్ చెబుతుంది. డబ్బు కట్టే మెషిన్ ఉంటే దాని తెర, దాని మీద అంటించిన కాగితాలు, "పనిచేయడం లేదు" అన్న చీటీ, ఏదీ వదలకండి.

ఉపగ్రహ మ్యాప్ ప్రింటు తీసుకుని బోర్డులకు నంబర్లు వేసి, ఏ ఫొటో ఎక్కడినుంచి తీశారో బాణం గుర్తుతో చూపండి. గూగుల్ స్ట్రీట్ వ్యూలో పాత నెలల చిత్రాలు దొరికితే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

ఫొటోలను వాట్సాప్‌లో పంపుకుని అవే దాచుకోకండి. వాట్సాప్ ఫొటో నాణ్యత తగ్గించి, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాన్ని తీసేస్తుంది. అసలు ఫైళ్లను కంప్యూటర్‌లోకో క్లౌడ్‌లోకో నేరుగా ఎక్కించి, వాటిని ఎడిట్ చేయకుండా ఉంచి, కాపీల మీదే పని చేయండి.

త్వరగా చెరిగిపోయేవి ముందు

డ్యాష్‌క్యామ్ కార్డు తీసి పక్కన పెట్టండి, లేకపోతే పాత వీడియో మీదే కొత్తది ఎక్కుతుంది. షాపు సీసీటీవీ చాలాచోట్ల కొన్ని వారాలే ఉంటుంది. మీరున్న దృశ్యం కావాలని తేదీ, సమయం, వేసుకున్న బట్టల రంగుతో నోటీసు వచ్చిన రోజే రాతపూర్వకంగా అడగండి. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఇప్పుడు ఫోన్‌లోనే ఉంటుంది, మీరు మార్చకపోతే మూడు నెలలకు పోతుంది, వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పార్కింగ్ యాప్ రసీదు, కారు ఆగిపోతే రికవరీ వాళ్లిచ్చిన రిపోర్టు.

కెమెరా కేసుల్లో రెండు లోపాలు తరచూ కనబడతాయి. ఒకటి, కెమెరా చూసేది గేటు దాటి లోపలికి, బయటికి వెళ్లిన సమయాలనే. ఖాళీ కోసం తిరిగిన సేపు, బయటపడడానికి క్యూలో ఉన్న సేపు పార్కింగ్ కాదు. 2024 అక్టోబరు 1 నుంచి అమలైన పార్కింగ్ కంపెనీల ఉమ్మడి కోడ్ కూడా, సాధారణ స్థలాల్లో, షరతులు చదివి ఉండాలో వెళ్లాలో తేల్చుకోవడానికి కనీసం 5 నిమిషాలు, చివర కనీసం 10 నిమిషాలు వదలాలంటుంది. రెండోది, ఒకే రోజు రెండుసార్లు వచ్చివెళ్తే మధ్యలో బయటికెళ్లింది, తిరిగొచ్చింది కెమెరా పట్టుకోక, పొద్దున వచ్చింది సాయంత్రం వెళ్లింది కలిపి ఎనిమిది గంటలని చూపిస్తుంది. మధ్యలో మీ కారు వేరేచోట ఉందని చూపే పెట్రోలు బిల్లు, ఆఫీసు బ్యాడ్జి రికార్డు, స్కూల్ దగ్గరి ఫోన్ ఫొటో, ఏదో ఒకటి చాలు.

డబ్బు కట్టినా నోటీసొస్తే నంబర్ టైప్ చేసేటప్పుడు సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టారేమో చూడండి. యాప్ రసీదు, ఆ మొత్తం పోయిన బ్యాంకు లైను పక్కపక్కన పెడితే విషయం తేలిపోతుంది.

షాపింగ్‌కే వెళ్లారా? బిల్లు జతచేసి స్టోర్ మేనేజర్‌కు ఈమెయిల్ రాయండి. స్థల యజమాని చెబితే కంపెనీ నోటీసు రద్దు చేస్తుంది. ఇంతకన్నా చవకైన దారి లేదు. వద్దన్నా సరే, ఆ జవాబు కాగితం మీ ఫైల్లో ఉంటుంది. సొంత ఫ్లాట్ దగ్గరి నోటీసైతే లీజు లేదా టెనెన్సీ ఒప్పందం మొదటి ఆధారం. సామాను దించడానికి కాసేపు ఆపడం పార్కింగ్ కాదని, లీజు ఇచ్చిన హక్కును తర్వాత పెట్టిన బోర్డు తీసేయలేదని 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు జాప్సన్ కేసు అప్పీల్లో చెప్పింది.

వాళ్ల దగ్గరున్నవి మీ చేతికి రప్పించుకోవడం

కంపెనీ వెబ్‌సైటులో ప్రైవసీ పాలసీ కింద డేటా ప్రొటెక్షన్ అధికారి ఈమెయిల్ ఉంటుంది. అక్కడికి సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం ఇవ్వమనే అర్జీ) పంపండి. ఫీజు లేదు, సాధారణంగా నెలలోపు ఇవ్వాలి. మీ వాహనం ఫొటోలన్నీ, కెమెరా రికార్డు, మీ నంబరుకు సంబంధించిన పేమెంట్ మెషిన్ రికార్డు, పంపిన ప్రతి ఉత్తరం కాపీ, ఖాతాలో రాసుకున్న నోట్లు, డీవీఎల్‌ఏని మీ వివరాలు అడిగిన తేదీ, ఇలా విడివిడిగా పేర్కొనండి. "అన్నీ ఇవ్వండి" అంటే సగమే వస్తుంది. గుర్తింపు కోసం పాస్‌పోర్టు అడిగితే నోటీసు నంబరు, వీ5సీ (కారు లాగ్‌బుక్) కాపీ సరిపోతుందేమో ముందు అడగండి.

దావాకు ముందొచ్చే లెటర్ బిఫోర్ క్లెయిమ్‌ను మిగతా బెదిరింపు ఉత్తరాల్లో కలిపేయకండి. జవాబుకు 30 రోజులుంటాయి. జవాబిస్తూ స్థల యజమానితో వాళ్ల ఒప్పందం, ఆ తేదీకి అమల్లో ఉన్న బోర్డుల ప్లాను, అసలు ఛార్జీ మీద వసూలు ఖర్చు పేరుతో సాధారణంగా కలిపే 70 పౌండ్లు దేనికన్న వివరం అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదన్నదే మీకు ఒక పేరా.

ఇల్లు మారిన ప్రతిసారీ డీవీఎల్‌ఏలో వీ5సీ చిరునామా మార్చండి, లైసెన్సులో మారిస్తే సరిపోదు. కంపెనీకి కూడా కొత్త చిరునామా రాయండి. ఏడాదికో అద్దిల్లు మారే విద్యార్థులు, ఉద్యోగులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. క్లెయిమ్ ఫారం (కోర్టు పంపే దావా కాగితం) పాత ఇంటికెళ్తుంది, వీళ్లకు తెలియకుండానే తీర్పు వచ్చేస్తుంది, మార్ట్‌గేజ్‌కి వెళ్లినప్పుడు బయటపడుతుంది.

క్లెయిమ్ ఫారం వచ్చాక

ఫారం మీది ఇష్యూ తేదీకి (కోర్టు జారీ చేసిన తేదీకి) ఐదు రోజులు కలిపితే అందిన తేదీ. అక్కడినుంచి 14 రోజుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్ (దావా అందిందన్న జవాబు) ఇస్తే, డిఫెన్స్‌కు (మీ వాదన రాసివ్వడానికి) అందిన తేదీ నుంచి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ ఇచ్చేటప్పుడు డిఫెన్స్ పెట్టెలో ఒక్క అక్షరం రాసినా అదే మీ డిఫెన్స్ అయిపోతుంది, ఖాళీగా వదలండి. ఫొటోలు ఈ దశలో పంపనక్కర్లేదు, వాటి వంతు విట్‌నెస్ స్టేట్‌మెంట్‌లో వస్తుంది. ఏ షరతు ఎలా తప్పారో క్లెయిమ్‌లో స్పష్టంగా లేకపోతే ఆ సంగతి డిఫెన్స్‌లో మొదటే ఎత్తండి. అలాంటి క్లెయిమ్‌నే 2023 ఆగస్టులో లూటన్ కౌంటీ కోర్టు అప్పీల్లో కొట్టేసింది. మధ్యలో ఫోన్ మీద ఉచిత మీడియేషన్ (రాజీ ప్రయత్నం) ఉంటుంది. హాజరవండి, అందులో అన్న మాటలు కోర్టులో వాడరు.

విచారణ నోటీసులో ఆధారాలకు గడువు ఉంటుంది, మామూలుగా విచారణకు 14 రోజుల ముందు. కోర్టుకూ, వాళ్ల సొలిసిటర్‌కూ ఇద్దరికీ పంపాలి. స్టేట్‌మెంట్‌లో పేరాలకు నంబర్లు, ప్రతి ఆధారానికి ఎగ్జిబిట్ నంబరు, అన్ని పేజీలకు వరస నంబర్లు ఉండాలి. "బోర్డు సరిగా కనబడదు" అని రాయకండి. "ఎగ్జిబిట్ 3, పేజీ 12: గడి నుంచి బోర్డు 31 మీటర్లు, ఛార్జీ అక్షరాల ఎత్తు 9 మిల్లీమీటర్లు" అని రాయండి. చివర నిజమని ధ్రువీకరించే వాక్యం, సంతకం, తేదీ. 50 పేజీలు దాటితే ఈమెయిల్ కాకుండా కాగితం మీద పంపండి, పోస్టాఫీసు రసీదు దాచండి.

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ రోజు కార్లో ఉన్నారనుకోండి. వాళ్లూ సాక్షులే. ఇంగ్లీషు రానివారి మాటను మీరు ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టించకండి. తెలుగులోనే రాయించి, అనువాదం సరైనదని అనువాదకుడి ధ్రువీకరణతో రెండూ జతచేయండి. స్మాల్ క్లెయిమ్స్‌లో (ఇలాంటి చిన్న మొత్తాల దావాల్లో) సాక్ష్య నిబంధనలు అంత కచ్చితంగా వర్తించకపోయినా, ఆ కాగితానికి విలువ వచ్చేది ఇలా చేస్తేనే.

వాళ్ల స్టేట్‌మెంట్ అందగానే పెన్ను పట్టుకుని కూర్చోండి. రాసినాయన ఆ స్థలానికి ఎప్పుడైనా వెళ్లాడా? బోర్డు ఫొటోల మీద తేదీ ఉందా, ఉంటే అది సంఘటనకు ముందా తర్వాతా? ప్లానులో చూపిన బోర్డు మీ వీడియోలో నిజంగా ఉందా? స్థల యజమాని ఒప్పందంలో సంతకాల మీద నల్లరంగు పూసి ఉందా, గడువు అయిపోయిందా? నోటీసు మీది తేదీ, పోస్టు చేశామన్న తేదీ ఒకటేనా?

పనికిరాని వాదనలు వదిలేయండి. "నావల్ల వాళ్లకు నష్టమేమీ లేదు" అన్నది బీవిస్ తీర్పుతో పోయింది. "నేను సంతకం పెట్టలేదు", "ఆ కంపెనీ మోసకారిది" అన్నవి జడ్జి ఓపికను తినేస్తాయి తప్ప ఏమీ తేవు.

విచారణ సాధారణంగా మీరు ఉండే ఊరికి దగ్గరి కౌంటీ కోర్టులో ఉంటుంది. డిస్ట్రిక్ట్ జడ్జిని "జడ్జ్" అని పిలిస్తే చాలు. మీ బండిల్ (స్టేట్‌మెంట్, ఆధారాల కట్ట) ప్రింటు మీ చేతిలో ఉంచుకుని, పేజీ నంబరు చెప్పి, జడ్జి ఆ పేజీ తీసేదాకా ఆగి మాట్లాడండి. గెలిస్తే పోయిన జీతానికి రోజుకు గరిష్ఠంగా 95 పౌండ్లు, ప్రయాణ ఖర్చు అడగవచ్చు, అందుకు యజమాని ఉత్తరం, టికెట్లు వెంట ఉండాలి. ఓడితే తీర్పు తేదీ నుంచి నెలలోపు మొత్తం కట్టేయండి. అప్పుడు ఆ తీర్పు కోర్టు తీర్పుల రిజిస్టర్‌లోంచి పోతుంది, లేకపోతే ఆరేళ్లు ఉంటుంది. కట్టిన రసీదును కూడా అదే ఫైల్లో పెట్టండి.